నమిలే చప్పుడు

"ఇది తినదు. సాయంత్రానికి పోతుంది, చూస్తూ ఉండండి" అని పైకే అన్నాను. చూస్తూ ఉండడానికి వంటగదిలో ఎవరూ లేరు. నేనూ, పొయ్యి మీద చల్లారిపోయిన టీ గిన్నే, నేల మీద చెక్కపెట్టే, ఆ పెట్టెలో ఓ మూల గోడవైపు తిరిగి ఉన్నిముద్దలా ముడుచుకున్న మా గినీ పిగ్ దిండూ, అంతే. అయినా చెడ్డమాట పైకి అనేయడం నా అలవాటు. ముందే నోటితో అనేస్తే దాని పస అయిపోతుందనీ, ఇక జరగడానికి దానికి దమ్ము మిగలదనీ నా లెక్క. మా ఆయన లిఫ్టులు బాగుచేసే పనికి బయల్దేరుతుంటే, తాడు తెగుతుంది జాగ్రత్త అంటాను. ఇన్నేళ్ళలో ఒక్కసారీ తెగలేదు. పాప ద్రాక్షపండు నోట్లో వేసుకుంటే గొంతుకి అడ్డం పడుతుందంటాను. పడలేదు. నాకు సైరన్ అని పేరు పెట్టాడు మా ఆయన. పెట్టుకోనీ, సైరన్ మోగితేనే కదా జనం పక్కకి తప్పుకునేది. కానీ ఈ పొద్దున ఏమైందో నా నోటికి, పాప బడిసంచి భుజాన వేసుకుని గుమ్మంలో ఆగి, "నేనొచ్చేసరికి దిండు ఉంటుందా అమ్మా?" అంటే, "ఉంటుంది. గడ్డి నములుతూ ఉంటుంది" అనేశాను. మంచిమాట, అదీ నా నోటంట, పైకి. పాప నన్ను వింతగా చూసి, మెట్లు దిగి వెళ్ళిపోయింది. అప్పట్నుంచీ ఆ మాట కాపలా లేని పిల్లలా వీధిలో తిరుగుతున్నట్టుంది, దాన్ని ఏ బండి గుద్దుతుందోనని నా భయం. అందుకే ఇప్పుడీ చెడ్డమాట, దాని వెనకాల కాపలాకి పంపాను.

తినవే. ఒక్క పోచ తినవే. కొత్త గడ్డి, పొద్దున్నే కట్ట విప్పి దుమ్ము దులిపి పెట్టాను, పచ్చదనం ఇంకా పూర్తిగా పోలేదు, వాసన చూస్తే నాకే నోట్లో పెట్టుకోవాలనిపిస్తోంది. కిటికీలోంచి ఎండ పెట్టె అంచు దాకా వచ్చి ఆగింది. ఈ ఎండ పెట్టె దాటి, నేల దాటి, అవతలి గోడెక్కి అల్మారా తలుపు మీద పడేసరికి పాప వస్తుంది. అప్పటికి తేలిపోవాలి. డాక్టరమ్మ పొద్దున దీన్ని బల్ల మీద పెట్టి, నోట్లోకి సన్నటి గొట్టంలాంటి లైటు పోనిచ్చి చూసి, నోరు శుభ్రంగా ఉంది, పళ్ళు అరగదీశాం, పుండ్లు మానాయి, నొప్పికి మందు పోశాం, ఇక తినాల్సింది అదే అంది. సిరంజితో మీరు పోసే జావ దానికి ప్రాణం నిలబెడుతుందే గానీ పళ్ళని అరగదీయదమ్మా, జావ మీదే ఉంచితే మళ్ళీ పెరుగుతాయి, మళ్ళీ మత్తిచ్చి అరగదీస్తే ఈ ఒంటితో అది లేవదు అంది. "సాయంత్రం దాకా చూడండి. తనంతట తాను నమిలితే సరే. లేకపోతే తీసుకొచ్చేయండి, బాధ లేకుండా పంపించేద్దాం." పంపించేద్దాం, ఊరికి పంపినట్టు. మంచి మనిషే, చేతులు చల్లగా ఉంటాయి, దిండుని పట్టుకున్నప్పుడు బొటనవేలితో దాని చెవి వెనక రాస్తూ ఉంటుంది. అయినా నేను ముఖం మీదే చెప్పాను, "తీసుకురాను" అని. "అంటే?" అంది. "అంటే తీసుకురాను. అది తింటుంది" అన్నాను. తింటుందని నాకేమైనా నమ్మకమా? రవ్వంత లేదు. భయానికీ మొండితనానికీ ఒకే కడుపులో చోటు ఉంటుందని ఆవిడకి తెలియదేమో.

దీని పళ్ళు ఆగవట. మన గోళ్ళలా పుట్టిన్నాటి నుంచి పోయేదాకా పెరుగుతూనే ఉంటాయట, ముందుపళ్ళే కాదు, లోపలి దవడపళ్ళు కూడా. గరుకు గడ్డిని పొద్దస్తమానం అటూ ఇటూ దవడ ఆడిస్తూ నూరుతూ ఉంటేనే ఒకదానితో ఒకటి రాసుకుని అరిగి, సమంగా ఉంటాయట. మెత్తటివి పెడితే నూరే పని లేక ఏపుగా పెరిగి, వంకర తిరిగి, నాలుక మీదికి రెండు వైపుల నుంచీ వంగి వంతెన కట్టేస్తాయట. అప్పుడు నాలుక కదలదు, ఎదురుగా మేత ఉన్నా మింగలేదు, ఆకలేసి చొంగ కారుస్తూ చుబుకం తడుపుకుంటుంది. నేను చదివింది పదో తరగతి, అదీ లెక్కల్లో గట్టెక్కలేదు. కానీ ఈ మాట విన్నప్పుడు వేరే ఎవరూ వివరించక్కర్లేకపోయింది. పని లేకుండా పెరిగేది ఏదైనా చివరికి నోరే నొక్కేస్తుంది, మా లాండ్రీలో సూపర్‌వైజరమ్మని చూడండి.

లాండ్రీ అంటే ఆసుపత్రి దుప్పట్లు. ఆవిరి, బ్లీచింగు వాసన, రాళ్ళలా బరువుగా తడిగుడ్డల మూటలు. ఇద్దరిద్దరం ఎదురెదురుగా నిలబడి దుప్పటి నాలుగు మూలలూ పట్టుకుని, విదిలించి, మడిచి, ఒకళ్ళ దగ్గరికి ఒకళ్ళు నడిచి, మళ్ళీ వెనక్కి నడుస్తాం, రోజంతా ఎవరితోనో గొడవపడి రాజీపడుతున్నట్టు. నిన్న సెలవు అడిగాను. సూపర్‌వైజరమ్మ కళ్ళజోడు కిందికి లాగి, "ఎవరికి బాలేదు?" అంది. ఇంట్లో వాళ్ళకి అని తప్పించుకోవచ్చు, అందరూ అలాగే చేస్తారు, బతికున్న మేనత్తల్ని చంపి మరీ సెలవులు పెడతారు. నేను మాత్రం "గినీ పిగ్‌కి" అన్నాను. యంత్రాల చప్పుడులో కూడా అందరికీ వినబడింది. నా ఎదురు మడత ఆవిడ పకపకా నవ్వి, "ఎలకకి పళ్ళు తోమించడానికి సెలవా వదినా?" అంది. "ఎలక కాదు. ఎలకైనా పెట్టేదాన్నే" అన్నాను. "మీ ఇంట్లో పుట్టినా బావుండును, మా ఆయన నా పంటినొప్పికి లవంగం కూడా తేలేదు" అంది ఇంకొకావిడ. నవ్వారు, నేనూ నవ్వాను, కానీ సెలవు తీసుకునే వచ్చాను. నవ్వితే నవ్వారు. వాళ్ళెవరూ పాప ముఖం చూడలేదు కదా, పెట్టె ముందు బోర్లా పడుకుని, ముక్కు చెక్కకి ఆనించి, దిండూ దిండూ అని గొణుగుతూ, గడ్డిపోచ తన నోట్లో పెట్టుకుని ఇలా తినాలే అని నమిలి చూపిస్తూ.

దిండు అని పేరు పెట్టింది పాపే. తెచ్చినప్పుడు అరచేతిలో పట్టేది, తోక లేదు, మెడ లేదు, ఎటు ముందో ఎటు వెనకో వెతుక్కోవాలి. ఆ మొదటి రోజే నేనన్నాను, దీని గోరు గీరుకుని పాపకి జ్వరం వస్తుందని, దీని బొచ్చు మామయ్యగారి ఊపిరితిత్తుల్లోకి పోతుందని, రాత్రికి రాత్రి పెట్టె కొరుక్కుని వచ్చి కరెంటు తీగ కొరికి ఇల్లు తగలబెడుతుందని. ఏదీ జరగలేదు. నేను అనని ఒక్కటే జరిగింది, మామయ్యగారు దాన్ని ప్రేమించారు. అత్తయ్య పోయాక ఆయన నోరు తెరిచి ఎవరినీ ఏమీ అడగలేదు. మంచినీళ్ళకి కూడా సైగ చేసేవారు. బతుకంతా రొట్టెల బట్టీ ముందు నిలబడ్డ మనిషి, కనుబొమ్మలు కాలి కాలి మళ్ళీ సరిగ్గా మొలవలేదు, ముంజేతుల మీద రేకుల అంచులు తగిలిన మచ్చలు నిచ్చెనమెట్లలా ఉంటాయి. ఎవరైనా ఆకలి అంటే వినలేరు, వేడి రొట్టె విరిచి మెత్తటి లోపలి భాగం వాళ్ళ చేతిలో పెట్టి, గట్టి పైపొర తను తినడం ఆయన లెక్క ప్రకారం మర్యాద. పళ్ళన్నీ ఊడాక పైపొర పక్కన పెట్టేసి, మెత్తటిది టీలో ముంచుకుని తినడం మొదలుపెట్టారు. కట్టుడు పళ్ళు చేయించాం గానీ చిగుళ్ళు కోస్తున్నాయని గ్లాసు నీళ్ళల్లో వేసి కిటికీలో పెట్టేవారు. అవి పెట్టుకున్నది దిండు కోసమే. పళ్ళు లేకపోతే ఈల రాదు కదా. పొద్దున్నే పళ్ళు పెట్టుకుని, రొట్టె కవరు చేత్తో గలగలలాడిస్తూ సన్నగా ఈల వేసేవారు. ఆ చప్పుడు వినగానే దిండు పెట్టెలో అంత ఎత్తు ఎగిరి, కుయ్ కుయ్ అని ఇల్లెగిరిపోయేట్టు అరిచేది, తలుపు కడ్డీలకి ముందుకాళ్ళు ఆనించి నిలబడేది. "వస్తున్నా వస్తున్నా, నీ బాకీ ఏమైనా ఎగ్గొట్టానా" అంటూ వచ్చేవారు. ఆయన గొంతు మళ్ళీ ఇంట్లో వినబడినందుకు నేను చాటుగా కళ్ళు తుడుచుకున్నాను, ఎందుకబద్ధం.

రొట్టెముక్క, పాలలో నానబెట్టిన రొట్టెముక్క, క్యారెట్టు, బిస్కెట్టు పొడి. గుళికల మేత కూడా ఆయన వేడినీళ్ళల్లో నానబెట్టి మెత్తగా చేసి పెట్టేవారు. "పాపం ఇంత గట్టివి ఎలా నములుతుందే?" గడ్డి మాత్రం పడక అనుకునేవాళ్ళం. అది పడుకోవడానికే కాబోలని మూలన పరిచేవాళ్ళం. దిండు నిజంగానే దిండైంది, పొట్ట నేలకి రాసుకునేది, తన వీపు తను శుభ్రం చేసుకోలేకపోయేది, అరికాళ్ళు ఎర్రబడ్డాయి. వచ్చినవాళ్ళందరూ ఎంత ముద్దుగా ఉందో, ఎంత బాగా పెంచుతున్నారో అన్నారు. ఒక జీవి బరువెక్కుతుంటే ఎవరికైనా భయమేస్తుందా? నాకే వెయ్యలేదు, లోకంలో ఉన్న భయాలన్నిటికీ మా ఇంటి అడ్రసు ఇచ్చిన నాకే. ఎందుకంటే నా భయాలన్నీ సన్నబడేవే, ఎండేవే, తగ్గిపోయేవే. లావు అంటే క్షేమం అనుకున్నాను. తర్వాత ఆ లావు లోపల్నుంచే, ఎవరికీ కనబడకుండా, బొచ్చు చాటున మాంసం కరిగిపోవడం మొదలైంది. చూడ్డానికి అదే దిండు, ఎత్తితే చేతికి వెన్నుపూసలు. క్యారెట్టు దగ్గరికి ఉరికి వచ్చి, నోట పట్టుకుని, వదిలేసి, మళ్ళీ పట్టుకుని, వదిలేసి. చుబుకం కింద బొచ్చు తడి. అప్పుడు డాక్టరమ్మ దాని నోరు చూసి, నన్ను వంగి చూడమంది. చూశాను. గులాబీరంగు నాలుక మీద రెండు పళ్ళు, చేతులు కట్టుకున్నట్టు.

అరగదీశారు. ఇంటికొచ్చి నేను కొత్త చట్టం పెట్టాను. గడ్డి కొండంత, ఎప్పుడూ తరగకుండా. గుళికలు పిడికెడు కాదు, చెంచాడు, పొడిగానే. ఆకుకూర, రోజూ ఓ క్యాప్సికమ్ ముక్క, ఎందుకంటే మనలాగే దీనికీ ఒంట్లో సి విటమిను తయారవదట, తిండిలోంచే రావాలట. క్యారెట్టు ఎప్పుడో, చుట్టాలొచ్చినప్పుడు స్వీటు పెట్టినట్టు. రొట్టె, బిస్కెట్టు, పాలు వాసన కూడా చూపించకూడదు. పొద్దున్నే గిన్నెలో కూర్చోబెట్టి వంటింటి కాటా మీద తూచడం. దాన్ని తూస్తుంటే కాటా ముల్లు వణికేది, దాని గుండె కొట్టుకోవడం ఆ ముల్లులో కనబడేది. తిన్నది, బాగానే తిన్నది, ముల్లు పైకి జరిగింది, నేను ఊపిరి పీల్చుకోబోయాను. కానీ మళ్ళీ ఆగిపోయింది. మళ్ళీ చుబుకం తడి. పడక మార్చబోతే గడ్డి అడుగున చేతికి మెత్తగా, జిగురుగా తగిలింది, పులిసిన పాల వాసన. "ఎవరు పెట్టారిది?" అని అరిచాను, పెట్టింది ఎవరో తెలియక కాదు. మామయ్యగారు కుర్చీలోంచి లేవకుండానే, "నేనేనమ్మా. కొంచెమే. అంత గట్టిది అది నమల్లేదమ్మా పాపం, నాకు తెలుసు ఆ బాధ" అన్నారు. "దానికి పళ్ళున్నాయి మామయ్యా, నమిలేదే మీరు పెట్టట్లేదు" అన్నాను. "మీ జాలే దాన్ని చంపుతోంది" అన్నాను. అన్నాను. మళ్ళీ అనాల్సి వస్తే మళ్ళీ అంటాను. ఎవరు ఎవరిని అంటున్నారు, పెద్దాయన, తండ్రిలాంటివాడు అని మా ఆయన తర్వాత గొణిగాడు. తండ్రిలాంటివాడు గనకే అన్నాను, దారినపోయే మనిషికి ఎవరు చెబుతారు. మామయ్యగారు నావైపు చూడలేదు. నోట్లోంచి పళ్ళు తీసి, గ్లాసు నీళ్ళల్లో టప్‌మని వేసి, తన గదిలోకి వెళ్ళి కర్టెను లాక్కున్నారు. అంతే. ఆ తర్వాత ఒక్క మాట లేదు. పాప వెళ్ళి ఒళ్ళో కూర్చుంటే తల నిమురుతారట, మాట్లాడరట. మళ్ళీ మత్తు, మళ్ళీ అరగదీయడం, సిరంజి, జావ. అంతటిలోనూ కర్టెను వెనక మంచం కిర్రుమనడం తప్ప ఇంకేమీ లేదు.

"మామయ్యా, తిన్నారా?" కేకేశాను, ఇప్పుడు కూడా. పూటపూటా అడుగుతాను, గోడనడిగినట్టు. రొట్టె పెట్టి ఇస్తాను, ఆయన రొట్టె ఆయనకి పెట్టడానికి నాకేం అభ్యంతరం, అది ముట్టుకోకుండా వెనక్కి వస్తుంది. టీ మాత్రం తాగుతారు. దానికి లేని రొట్టె నాకెందుకు అన్నట్టు. బెల్టుకి కొత్త చిల్లు మేకుతో పొడుచుకున్నారు, చూశాను. ఆయన్ని గిన్నెలో కూర్చోబెట్టి కాటా మీద తూచలేను గానీ కంటితో రోజూ తూస్తూనే ఉన్నాను, ముల్లు కిందికే పోతోంది. ఈ ఇంట్లో కర్టెనుకి అటొకరూ ఇటొకరూ తినడం మానేశారు, మధ్యలో నేను, ఇద్దరికీ చెడ్డదాన్ని. సరే, చెడ్డదాన్నే. మంచిదాన్నై ఇద్దరినీ పోగొట్టుకునే కంటే చెడ్డదాన్నై ఇద్దరి నోళ్ళూ తెరిపిస్తాను.

ఫోను మోగింది. మా ఆయన. వెనక ఎవరో సుత్తితో ఇనుము మీద కొడుతున్నారు, అంటే లిఫ్టు గుంటలో ఉన్నాడు, పైన పెట్టె వేలాడుతూ ఉంటుంది, తాడు తెగితే, వద్దు, పొద్దున ఒకసారి అనేశాను కదా. "తిందా?" అన్నాడు. "లేదు." "పోనీలే. దాన్ని ఇంకా హింసించకు. నే సాయంత్రం తీసుకెళ్తాను డాక్టరు దగ్గరికి, నువ్వు రావద్దు" అన్నాడు. మంచి గొంతుతోనే అన్నాడు, అదే మండింది. "ఎక్కడికి తీసుకెళ్తావు? నువ్వు బాగుచేసే లిఫ్టు రెండుసార్లు ఆగిపోతే బిల్డింగు కూలగొట్టేస్తారా?" అన్నాను. "దానికీ దీనికీ సంబంధం ఏంటే?" అన్నాడు. "పాపకి మాటిచ్చాను" అన్నాను. సుత్తి చప్పుడు ఆగింది. "నువ్వా?" అన్నాడు. "నేనే." తర్వాత "నాన్న తిన్నాడా?" అన్నాడు. ఫోను పెట్టేశాను. అడగాల్సింది నన్నా?

సిరంజి గట్టు మీద ఉంది. పక్కనే జావ కలిపే పొడి డబ్బా. చెయ్యి దానివైపు పోతోంది, నేను పొమ్మనకుండానే. ఒక్కసారి పోస్తే చాలు, ఇంకో పూట బతుకుతుంది, పాప వచ్చేసరికి ఉంటుంది, మాట నిలబడుతుంది. అదీ సరే. మరి రేపు? మెత్తగా పోస్తూ, మెత్తగా పోస్తూ, పళ్ళు మళ్ళీ నాలుక మీద చేతులు కట్టుకునేదాకా. మామయ్యగారి నానిన రొట్టెకీ నా సిరంజి జావకీ తేడా ఏముంది, ఆయనది ప్రేమ, నాది భయం, రెండూ మెత్తవే. పొయ్యను. సిరంజి తీసి పై అరలో, నా చెయ్యే అందనంత లోపలికి తోసేశాను. దిండూ, విను. నీకు పళ్ళున్నాయి. నొప్పి లేదు, డాక్టరమ్మ చూసింది. గడ్డి ఉంది. నీకు తినడం రాక కాదు, ఎవరికోసమో ఎదురుచూస్తున్నావు. ఆ మాట అనుకోగానే వీపు నిటారు అయింది నాకు. ఎదురుచూస్తోంది. గోడవైపు తిరిగి కూర్చుందనుకున్నానే, అది గోడ కాదు. ఆ గోడ అవతల మామయ్యగారి మంచం.

అల్మారాలోంచి రొట్టె కవరు తీశాను, రొట్టె తీసి పక్కన పెట్టి, ఖాళీ కవరులో గుప్పెడు గడ్డి కూరాను. గలగలలాడించాను. దిండు చెవి ఒకటి ఇటు తిరిగింది, సన్నగా, కాగితం అంచు గాలికి లేచినట్టు. మళ్ళీ ఆడించాను. తల ఎత్తింది, నన్ను చూసింది, నువ్వా అన్నట్టు తల దించేసుకుంది. ఈల వేయబోయాను. నాకు ఈల రాదు, ఉఫ్ ఉఫ్ మని గాలి వచ్చింది, వేడి పాలు ఊదుకున్నట్టు. చిన్నప్పుడు ఆడపిల్ల ఈలేమిటని మా అమ్మ నెత్తిన మొట్టేది, ఆ మొట్టికాయలకి ఈ రోజు ఫలితం. ముసలాయన్ని పెట్టె దగ్గరికి రానివ్వకండి, ఆయనే దాని జబ్బు అని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది. నేనూ రానివ్వలేదు. ఆవిడ చెప్పింది రొట్టె గురించి. చేతి గురించి ఆవిడకేం తెలుసు, గొంతు గురించి ఏం తెలుసు. నేను వినను. పొద్దున ఒక మాట వినలేదు, ఇప్పుడు ఇంకోటి.

కిటికీలోంచి పళ్ళ గ్లాసు తీసుకుని, కవరు చంకన పెట్టుకుని, కర్టెను ముందు నిలబడ్డాను. "మామయ్యా" అన్నాను. మంచం కిర్రుమంది, అంతే. "మామయ్యా, నేనన్న మాట నేను వెనక్కి తీసుకోను. రొట్టె పెట్టనివ్వను, చచ్చినా పెట్టనివ్వను. కానీ అది నా చేత్తో తినట్లేదు. దానికి కావాల్సింది రొట్టె కాదు, మీరు. రండి. గడ్డే పెట్టండి, మీ చేత్తో, మీ ఈలతో. సాయంత్రానికి అది తినకపోతే మీ అబ్బాయి తీసుకెళ్ళి సూది వేయిస్తానంటున్నాడు. పాప వచ్చి పెట్టె ఖాళీగా చూస్తే ఏం చెబుతారో మీరే చెప్పుకోండి, నేను చెప్పను" అన్నాను. కర్టెను పక్కగా చెయ్యి లోపలికి చాచాను, గ్లాసుతో. చెయ్యి నొప్పి పెట్టేదాకా అలాగే నిలబడ్డాను. లోపల చప్పుడు లేదు. పడిపోయారేమో, ఊపిరి ఆగిపోయిందేమో, తినక తినక కళ్ళు తిరిగి, నేనిక్కడ గ్లాసు పట్టుకుని ఉపన్యాసం ఇస్తుంటే ఆయనక్కడ... అనబోయాను, పైకి అనబోయాను, అప్పుడు చేతిలో గ్లాసు తేలికైంది.

నీళ్ళు చిందిన చప్పుడు. కర్టెను జరిగింది. మామయ్యగారు నన్ను చూడలేదు, నా చంకలోంచి కవరు లాక్కుని, ఓ చేత్తో గోడ పట్టుకుంటూ వంటగదిలోకి నడిచారు. ఎంత సన్నబడ్డారు, చొక్కా వెనకాల మనిషి లేనట్టుంది. పెట్టె ముందు కూర్చోవడానికి చాలాసేపు పట్టింది, నేను చెయ్యి ఇవ్వబోతే మోచేత్తో తోసేశారు. కవరు విప్పి వాసన చూశారు, గడ్డి అని తెలిసి ముఖం చిట్లించారు, అయినా మూసి, రెండు వేళ్ళతో దాని అంచు పట్టుకుని నెమ్మదిగా నలిపారు. నేను ఆడించినట్టు గలగల కాదు, వేరే, బట్టీలోంచి తీసిన రొట్టె చల్లారుతూ చిటపటలాడినట్టు. పెదాలు సర్దుకుని ఈల వేశారు. మొదట గాలే వచ్చింది. పళ్ళు నాలుకతో నొక్కుకుని మళ్ళీ వేశారు.

కుయ్.

చిన్నగా, బొంగురుగా, ఎన్నాళ్ళో వాడని తలుపు తీసినట్టు. దిండు మూలలోంచి లేచింది. కాళ్ళు వణుకుతున్నాయి, నడిచి వచ్చి ఆయన వేళ్ళు వాసన చూసింది, వేళ్ళ మధ్య వెతికింది, రొట్టె కోసమే వెతికింది. మామయ్యగారి రెండో చెయ్యి గట్టు మీద నేను పక్కన పెట్టిన రొట్టెవైపు కదిలింది, నేను చూశాను, ఆయన నేను చూడడం చూశారు. ఆ చెయ్యి తిరిగి వచ్చి గడ్డిలోంచి ఒక్క పోచ ఏరింది, పొడుగ్గా, గట్టిగా ఉన్నదాన్నే, అంచు దాని నోటికి తగిలించింది. దిండు తల వెనక్కి తీసుకుంది. ఆయన ఈల వేశారు, ఊపిరంత సన్నగా. మళ్ళీ తగిలించారు. పోచ కదిలింది. కదిలి, ఇంత లోపలికి పోయింది. ఆగింది. మళ్ళీ ఇంత. దవడ అటూ ఇటూ, అటూ ఇటూ, తర్వాత ఆ చప్పుడు, గరగరమని, ఇసుక కాగితంతో చెక్క రుద్దినంత చిన్న చప్పుడు, వంటగదంతా నిండిపోయింది. నేను గోడకి ఆనుకుని నేల మీద కూర్చున్నాను. గొంతుకి అడ్డం పడుతుందేమో అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. పోచ అయిపోయింది, ఆయన ఇంకోటి ఇచ్చారు, అదీ పోయింది, ఇంకోటి అది తనే కవరులోంచి లాక్కుంది. ఎండ పెట్టె దాటి నా కాళ్ళ మీదికి వచ్చింది. అది నన్ను దాటి అవతలి గోడెక్కి అల్మారా తలుపు మీద పడేదాకా మేమిద్దరం ఆ నమలడం వింటూ కూర్చున్నాం, ఇద్దరం ఊపిరి కూడా దాని నమలడానికి అనుగుణంగా పీలుస్తున్నట్టు. కింద వీధిలో బడి పిల్లల గోల మొదలైంది.

మామయ్యగారు గొంతు సవరించుకున్నారు. తల తిప్పలేదు, వేలు దిండు చెవి వెనకే ఉంది.

"లేదమ్మా, నేను తినలేదు" అన్నారు. "ఏదైనా పెట్టు. నమిలేదే పెట్టు."